ఐదూ రెండు, ఐదూ మూడు

(విదేశీ పరిచర్యకు మొదటిసారి టీచర్లుగా వెళ్లబోతున్న యువతీయువకుల కోసం మహబూబ్‌నగర్‌లో జరిగిన కూడికలో ఒక సోదరి చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, ముందు చాపల మీద కూర్చున్న పెద్దమ్మలకు, నా తోటి యూత్‌కు ప్రభువు నామంలో వందనాలు.

నన్ను సాక్ష్యం చెప్పమని పిలిచారు. సాక్ష్యమే చెప్తాను, కానీ పనికొచ్చేట్టు చెప్పాలని నా ఆశ. వచ్చే జూన్‌లో మీలో ఐదుగురు ఆఫ్రికాలోని మలావీ దేశానికి టీచర్లుగా పోతున్నారు. ఆ ఐదుగురిలో నలుగురు ఇంతవరకు ఏ బళ్లోనూ పాఠం చెప్పలేదు. రెండేళ్ల కింద ఆరు వారాల కోసం అక్కడికి పోయేనాటికి నేనూ అంతే. బీకాం చదివి జడ్చర్లలో ఒక ఆఫీసులో లెక్కలు రాసుకునేదాన్ని. ఎండాకాలం వీబీఎస్‌లో, అంటే సెలవుల బైబిల్ బడిలో, పిల్లలకు పాటలు నేర్పడం తప్ప చేతిలో సుద్దముక్క పట్టింది లేదు.

ముందు ఒక బాకీ తీర్చాలి. మా టికెట్ల పైసలు ఎక్కణ్ణుంచి వచ్చాయో యూత్‌కు తెలియకపోవచ్చు. మన ఆడవాళ్లు పొద్దున ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా సంచిలోకి ఒంపుకొని గుడికి తెస్తారు. ఒక్కొక్కరిది చూస్తే సోలెడు ఉండదు. అన్నీ కలిస్తే బస్తాలవుతాయి. మా టికెట్లలో ఒక భాగం ఆ బియ్యం అమ్మిన పైసలే. ఇగో, ఈ ముందు వరుసలో ఉన్న పెద్దమ్మల చేతుల్లోంచి వచ్చినవే. అందుకే ఆరు వారాలు నేనక్కడ ఏం చేశానో, ఏం చెయ్యలేకపోయానో వీళ్ల ముందు అప్పజెప్పాలనుకుంటున్నాను.

మా నాయనమ్మ మాటతో మొదలుపెడతాను. ఆమెది కల్వకుర్తి వైపు పల్లె. వాడ పిల్లల్ని ఊరి బడి అరుగు ఎక్కనియ్యని కాలం అది. రాత్రుళ్లు లాంతరు వెలుగులో, ఇసుకలో వేలితో దిద్ది చదువు నేర్చుకుంది. చిన్నప్పుడు నేను అడిగాను, "నాయనమ్మా, నీకు తెల్ల దొరసాని చదువు చెప్పిందా?" అని. మన ఇళ్లలో కథ అట్లనే చెప్తారు కదా, దొరలొచ్చారు, బళ్లు పెట్టారు, దవాఖాన కట్టారు అని. నాయనమ్మ తల అడ్డంగా ఊపింది. "దొరసాని ఏడాదికి రెండుమాట్ల గుడారం ఏసుకొని వస్తుండె బిడ్డా. పాట పాడిపిస్తుండె, పోతుండె. నా యేలు వట్టి అ, ఆ దిద్దిపిచ్చింది పంతులమ్మ. మన వాడామెనే. వానొచ్చినా జెరమొచ్చినా పొద్దుగూకితే వస్తుండె" అంది.

మిషన్ కాగితాల్లో ఆ పంతులమ్మల్ని బైబిల్ ఉమెన్ అని రాసేవాళ్లు. నల్లగొండకు 1890 నాటికి రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు వచ్చారు. 1899లో అమెరికా నుంచి హీబర్ట్ దంపతులు వచ్చారు. ఆ తర్వాత నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, గద్వాల, కల్వకుర్తి, నారాయణపేట, ఒకదాని వెనక ఒకటి మిషన్ కాంపౌండ్లు లేచాయి. వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. తమవాళ్లను ఈ మట్టిలోనే పాతిపెట్టి, ఆ మట్టి మీదే నిలబడి పని చేసినవాళ్లున్నారు. వాళ్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. పంతులమ్మల పేర్లు మా నాయనమ్మలాంటి వాళ్ల నోళ్లలో ఉండి, వాళ్లతోపాటే మట్టిలో కలిసిపోయాయి. రోజూ పొద్దుగూకితే లాంతరు పట్టుకొని వచ్చినామె పేరు మనకు యాదిలో లేదు. గుడారం వేసుకొని వచ్చిపోయినామె పేరు యాదుంది.

మలావీలో నేను ఆ గుడారంలో దిగిన మనిషిని. ఈ సంగతి నాకు అక్కడికి పోయాక మూడో రోజు అర్థమైంది.

మేము పోయింది మలావీ దక్షిణాన, బ్లాంటైర్ పట్నానికి దగ్గర్లో ఉన్న చిరాద్జులు జిల్లాకు. ఆఫ్రికా అంటే ఎండ అనుకొని నూలు బట్టలే సర్దుకున్నాం. జూన్, జూలై అక్కడ చలికాలం. ఆ ఎత్తు నేలల మీదికి తూర్పు నుంచి చలిగాలి వచ్చి రోజుల తరబడి మంచు, సన్నతుంపర పట్టుకుంటుంది. చిపెరోని అంటారు దాన్ని. పిల్లలు ముడుచుకొని కూర్చుంటారు, వేళ్లు పలక మీద ఆడవు. స్వెటర్లు పెట్టుకోండి. మీ కోసమే కాదు, తుంపర పట్టిన రోజు పిల్లవాడు ఎందుకు రాయలేకపోతున్నాడో తెలుసుకోవడానికి కూడా ఆ చలి మీ ఒంటికి తగలాలి.

మేము సువార్త తీసుకుపోతున్నామని చెప్పుకొని బయల్దేరాం. బ్లాంటైర్‌లో స్కాట్లండు వాళ్ల మిషన్ మొదలైంది 1876లో. అంటే నల్లగొండలో మన సంఘానికి పునాది పడకముందే అక్కడ సంఘం ఉంది. వాళ్లు మనకంటే పెద్దవాళ్లు. బ్లాంటైర్‌లో సెయింట్ మైకేల్ అండ్ ఆల్ ఏంజెల్స్ అని ఎర్ర ఇటుకల గుడి ఉంది, 1888లో మొదలుపెట్టి 1891లో పూర్తి చేశారు. దాని నమూనా గీసినాయన మిషనరీ డేవిడ్ క్లెమెంట్ స్కాట్, ఆయనకు ఇంజనీరు చదువు లేదు. కట్టినవాళ్లు ఆ ఊళ్ల మనుషులు, వాళ్లంతకు ముందు అట్లాంటిది కట్టలేదు. ఆ గోడల ముందు నిలబడితే నాకు ఆయన కంటే ఇటుక కాల్చిన చేతులే కనబడ్డాయి. దేవుని ముందు ఆ రెండూ సమానమే, నేను చూసే చూపులో మాత్రం ఇన్నాళ్లూ సమానంగా లేవు.

ఇంకొకాయన గురించి కూడా చెప్పాలి. జాన్ చిలెంబ్వే. బాప్టిస్టు పాస్టరు. అమెరికాలో చదువుకొని 1900లో తిరిగొచ్చి చిరాద్జులులోనే మిషన్ పెట్టి, బళ్లు నడిపాడు. అక్కడి తెల్లవాళ్ల తోటల్లో తంగాతా అని ఒక పద్ధతి ఉండేది. తోట భూమిలో గుడిసె వేసుకున్నందుకు కిరాయి బదులు చాకిరీ చెయ్యాలి. మన నల్లగొండ వాళ్లకు దాన్ని వివరించక్కర్లేదు, మనం వెట్టి అన్నదే అది. చిలెంబ్వే దాని మీద 1915 జనవరిలో తిరగబడ్డాడు, ఫిబ్రవరిలో చంపేశారు. ఇప్పుడు ఆయన ముఖం ఆ దేశం నోట్ల మీద ఉంది. మొదటిరోజు పల్లీలు కొనుక్కొని చిల్లర తీసుకుంటే ఆ ముఖం నా చేతిలోకొచ్చింది. ఎవరని అడిగితే బడి హెడ్‌మాస్టరు గంటసేపు చెప్పాడు. మీరు పోయేముందే ఈ కథ తెలుసుకొని పోండి. ఆ ఊళ్లో చదువనే మాటకు ఎంత వెల ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇగ బడి సంగతి. మలావీలో 1994లో ప్రైమరీ చదువుకు ఫీజులు తీసేశారు. ఒక్క ఏడాదిలోనే పిల్లల లెక్క దాదాపు 19 లక్షల నుంచి 30 లక్షల దాపుకు చేరింది. పిల్లలు వచ్చినంత తొందరగా టీచర్లు, గదులు రావు కదా. ఇప్పటికీ చిన్న తరగతుల్లో నూరు దాటడం అక్కడ మామూలు. మన విద్యాహక్కు చట్టం ప్రైమరీలో 30 మందికి ఒక టీచరు అంటుంది. నాకిచ్చిన రెండో తరగతిలో 112 మంది. బెంచీలు లేవు, నేల మీదే. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను ఆ జిల్లాలన్నిటినీ అతలాకుతలం చేసింది, ఆ బడిలో ఒక గది పైకప్పు అప్పుడు పోయిందట. మేము పోయేనాటికి కూడా ఆ తరగతి మామిడిచెట్టు కిందే నడుస్తోంది.

మమ్మల్ని పంపినవాళ్లు మంచి మనసుతోనే ఒక పెద్ద పెట్టె నిండా చార్టులిచ్చారు. ఏ ఫర్ యాపిల్, ఐ ఫర్ ఐస్‌క్రీమ్, రంగురంగులవి. ఆ గోడకు మేకులు దిగలేదు, చెట్టుకు కట్టాం. తుంపరకు సాయంత్రానికి మెత్తబడి ఒరిగిపోయాయి. నిలిచినా వాటితో పనిలేదని తర్వాత తెలిసింది. అక్కడ మొదటి తరగతుల్లో చిచేవా భాష అక్షరాలు నేర్పే తీరు మన గుణింతంలాగా ఉంటుంది. మ, మె, మి, మొ, ము అని ఒక్కో హల్లుకు అచ్చులు తగిలించుకుంటూ పోతారు. పిల్లలు ఊగుతూ చదువుతుంటే కళ్లు మూసుకొని విన్నాను, మా ఊరి బడి ముందు నిలబడ్డట్టే ఉంది. మనకు తెలిసిన బాట వాళ్ల దగ్గర ఉంది. మేము మాత్రం యాపిల్ పట్టుకొని పోయాం.

మొదటి రోజు పాఠం లెక్కలు. 7 + 8. వింటే చిన్నదే. బోర్డు మీద ఏడు గీతలు గీశాను, పక్కన ఎనిమిది గీశాను. "సెవెన్ ప్లస్ ఎయిట్, కౌంట్ ఆల్" అన్నాను. ముందు రెండు వరుసల వాళ్లు లెక్కబెట్టారు. వెనకవాళ్లకు నా వీపే కనబడింది. బోర్డుకు ఎడంగా నిలబడి రాయాలన్నది కూడా నాకు తెలియదు. "అర్థమైందా?" అని అడిగాను. "యెస్ మాడమ్" అని నూటపన్నెండు గొంతులు ఒక్కసారే. నా కడుపు నిండిపోయింది. పలకల మీద చెయ్యమన్నాను. నేను నడిచి చూసినంతలో సరిగ్గా చేసినవాళ్లు తొమ్మిదిమంది. మిగతా పలకల మీద నేను గీసిన గీతలనే ముద్దుగా గీసుకున్నారు, బొమ్మ వేసినట్టు. ఒక పాప నా చేతిరాతలోని వంపుతో సహా దించేసింది.

పక్కనే ఆ తరగతి అసలు టీచరమ్మ నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. నడుముకు చితెంజె అనే రంగుల గుడ్డ చుట్టుకొని, చేతిలో ఖాళీ వాసెలిన్ డబ్బా. అందులో చిటికెనవేలి గోరంత సుద్దముక్కలు దాచుకుంటుంది. కొత్త సుద్ద తీస్తే మూడు తుంపులు చేసి రెండు డబ్బాలో వేస్తుంది. నన్ను ఏమీ అనలేదు. "నేను కొంచెం చెప్పనా?" అని అడిగింది. తన తరగతిలో తను నన్ను అడిగింది.

ఇద్దరు ఆడపిల్లల్ని ముందుకు పిలిచింది. మీరు కూడా నాతోపాటు చెయ్యండి, అయ్యగారూ మీరు కూడా. మీ పక్కవాళ్ల వైపు తిరగండి. ఒకరు ఏడు చూపించండి: ఒక చెయ్యి మొత్తం, రెండో చేతిలో రెండు వేళ్లు. రెండోవాళ్లు ఎనిమిది చూపించండి: ఒక చెయ్యి మొత్తం, ఇంకో చేతిలో మూడు వేళ్లు. ఆ టీచరమ్మ పిల్లలిద్దరి నిండు చేతుల్ని దగ్గరికి తెచ్చి అరచేయికి అరచేయి ఆనించింది. "ఖుమి" అంది. పది. మిగిలినవి చూపించింది, ఇటు రెండు వేళ్లు, అటు మూడు. "జిసాను." ఐదు. "ఖుమి న్ది జిసాను." పదీ ఐదు. అంతే. పిల్లలంతా పక్కవాళ్ల చేతులు పట్టుకొని గలగలలాడుతూ మొదలుపెట్టారు. నేను పీరియడంతా గీసినది ఆమె నిమిషంలో ముగించింది.

ఇందులో ఇంకొక సంగతి ఉంది. చిచేవాలో ఒకటి నుంచి ఐదు దాకానే విడి పేర్లు. ఆరు అనాలంటే "ఐదూ ఒకటి" అనాలి. ఏడంటే "జిసాను న్ది జివిరి", ఐదూ రెండు. ఎనిమిది ఐదూ మూడు, తొమ్మిది ఐదూ నాలుగు. పది వచ్చాక మళ్లీ కొత్త పేరు. అంటే ఆ పిల్లలు ఏడు అని నోరు తెరిస్తేనే నిండు చెయ్యి, రెండు వేళ్లు అందులో ఉన్నాయి. మన తెలుగు పదహారులో పదీ ఆరూ వినబడతాయి, ఏడులో ఏమీ వినబడదు. వాళ్లకు వినబడుతుంది. నేను "సెవెన్" అనగానే వాళ్ల నోట్లో ఉన్న లెక్కను మూసేశాను. తెలియక చేశాను, కానీ చేశాను. నాకు ఇంగ్లిష్ వచ్చు కాబట్టి నన్ను పంపారు. ఆ ఇంగ్లిషే పిల్లలకు అడ్డం పడింది. పెద్ద అంకెలకు వాళ్లూ ఇంగ్లిష్ పేర్లే వాడతారు. తొంభై తొమ్మిదిని చిచేవాలో అనాలంటే చాలా పొడుగు. ఎక్కడ ఏది వాడాలో ఆ టీచరమ్మకు తెలుసు. అది నాకు ఆరు వారాల్లో వచ్చే విద్య కాదు.

ఆ సాయంత్రం నేను ఏడ్చాను. మా టీము అక్క ఒకామె పక్కన కూర్చొని, పన్నెండేళ్ల యేసు దేవాలయంలో ఏం చేశాడో యాది చేసింది. అంతటివాడు బోధకుల మధ్య కూర్చున్నాడు. వాళ్ల మాటలు విన్నాడు, వాళ్లను ప్రశ్నలడిగాడు. లూకా సువార్తలో ఆ వరుస చూడండి, ముందు కూర్చోవడం, ఆ తర్వాత వినడం, అడగడం. "నువ్వు మొదటిరోజే నిలబడ్డావు" అంది అక్క.

మర్నాడు టీచరమ్మ దగ్గరికి పోయి, "నాకు వెనక వరుసలో చోటివ్వండి" అన్నాను. ఆమె ఒప్పుకుంది, కానీ ఖాళీగా కూర్చోనియ్యలేదు. వెనకబడ్డ పన్నెండుమందిని నాకప్పజెప్పింది. ఆమె తరగతికి చెప్పిందాన్నే, ఆమె మాటల్లోనే, మామిడిచెట్టు అవతలి పక్క నేను ఆ పన్నెండుమందితో మళ్లీ చేయించాలి. పన్నెండు అన్నది మోయగలిగిన బరువు. ఎవరి పలక పగిలిందో, ఎవరు పొద్దున ఏమీ తినకుండా వచ్చారో పన్నెండుమందిలో కనబడుతుంది. నూటపన్నెండులో కనబడదు. ఆ బడిలో పొద్దున మక్కపిండి, సోయా కలిపిన జావ పోస్తారు, లికుని ఫాలా అంటారు. మన బళ్లల్లో రాగిజావ పోసినట్టు. జావ తాగాక పాఠం ఎక్కుతుంది, తాగకముందు ఎక్కదు. ఈ మాట ఏ టీచరునడిగినా చెప్తారు. నేను కళ్లారా చూశాక పాఠం వేళలు మార్చుకున్నాను.

సాయంత్రాలు మేము ముగ్గురం టీచర్లతో కూర్చొని సామాను తయారుచేసేవాళ్లం. అక్కడి టీచర్ ట్రైనింగులో టాలులార్ అని ఒక పద్ధతి నేర్పుతారు. చుట్టుపక్కల దొరికేదాంతోనే పాఠం సామాను చేసుకోవడం. కూల్‌డ్రింక్ సీసాల మూతలు, మక్కబెండ్లు, పుల్లలు, చింకి బస్తాలు. సీసా మూతలు ఐదైదు తీగకు గుచ్చి దండలు కట్టాం. ఒక దండా, రెండు విడి మూతలూ ఏడు. బస్తాలు కోసి, ఉతికి, మసితో అక్షరాలు రాశాం. తుంపరకు అవి ఒరగలేదు. మా పెట్టెలో చార్టుల కంటే ఆ బస్తా ముక్కలే ఇప్పటికీ ఆ బళ్లో వేలాడుతున్నాయి.

"అర్థమైందా?" అనే మాట కూడా ఆమె నాతో మాన్పించింది. ఆమె ఎప్పుడూ ఆ మాట అడగదు. "చూపించు" అంటుంది. వేళ్లతో చూపించు, మూతలతో చూపించు, పక్కవాడికి చెప్పి చూపించు. పిల్లలు టీచరును నొప్పించరు. అడిగితే అర్థమైందనే అంటారు. కొత్త ముఖం, దూరం నుంచి వచ్చిన ముఖం అయితే ఇంకా గట్టిగా అంటారు. మన సండే స్కూల్లో కూడా అంతే, నేను తిరిగొచ్చాక గమనించాను. వాక్యం కంఠతా అప్పజెప్పిన పిల్లను "దీన్ని మీ తమ్మునికి నీ మాటల్లో చెప్పు" అంటే నోరు మెదపలేదు.

తిండి గురించి అమ్మలు అడుగుతున్నారు. ఏం భయం లేదు. వాళ్ల న్సిమా అంటే తెల్ల మక్కపిండితో చేసిన గట్టి సంకటి. మన గట్క తిన్న నోటికి కొత్తేమీ కాదు. ఆకుకూరతో, చిన్న చేపలతో తింటారు. భోజనం ముందు చిన్నవాళ్లు చెంబు పట్టుకొని అందరి చేతుల మీద నీళ్లు పోస్తారు. మనిళ్లల్లో పోతున్న అలవాటు అది. ఇంకొకటి వింటే మీరు సంతోషిస్తారు. ఆ కొండవాలులన్నీ కందిచేలు. నందోలో అంటారు కందిని. మనకు తాండూరు కంది ఎట్లనో వాళ్లకది అట్ల. వాళ్ల కందులు మన దేశానికి వస్తాయి, 2021లో ఏటా 50 వేల టన్నుల దాకా తీసుకోవడానికి ఒప్పందం కూడా అయింది. మన ఇంట్లో ఉడికే పప్పులో ఆ పిల్లల తల్లుల చెమట ఉండొచ్చు. ఒక సాయంత్రం టీచరమ్మ ఇంట్లో పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టి పెట్టింది. కాయను రెండు వేళ్లతో నొక్కి పళ్లతో లాగుతుంటే ఆమె నన్ను చూసి, "నీకెవరు నేర్పారు?" అంది. "మా నాయనమ్మ" అన్నాను. ఆ రోజు నుంచి నేను ఆమెకు వేరే దేశపు మనిషిని కాలేదు.

నాకు అక్కడ పాలమూరు కూడా కనబడింది. మన జిల్లాల నుంచి ముంబై బస్సు ఎక్కినట్టే, ఆ ఊళ్ల మగవాళ్లు తరాలుగా దక్షిణాఫ్రికాకు పనికి పోతున్నారు. ఒకప్పుడు గనులకు, ఇప్పుడు ఏది దొరికితే దానికి. నా పన్నెండుమందిలో ఐదుగురు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. ఒక పిల్లవాడు వారంలో రెండు రోజులు రాడు. నేను కోపం చేసుకోబోతే టీచరమ్మ ఆపింది. ఆ రెండు రోజులు వాళ్ల తాత మేకలు కాయాలి, ఆయనకు కళ్లు కనబడవు. ఆ పిల్లవాడి కోసం ఆమె బుధవారం పాఠాన్ని గురువారం మళ్లీ ఐదు నిమిషాలు చెప్తుంది. పదిహేనేళ్లుగా అట్ల చెప్తోంది, ఒక్కో ఏడు ఒక్కో పిల్లవాడి కోసం.

కొన్ని మాటలు గట్టిగా చెప్పాలి, నొచ్చుకోవద్దు. తరగతిలో ముస్లిం పిల్లలున్నారు. మలావీలో ఎక్కువమంది క్రైస్తవులే అయినా ఆ దక్షిణ జిల్లాల్లో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. లెక్కల పీరియడు లెక్కలకే. జావ పోస్తూ ప్రార్థన చెయ్యమని ఎవర్నీ ఒత్తిడి పెట్టవద్దు. ఆకలితో ఉన్న పిల్లవాడు ఏది చెప్పమంటే అది చెప్తాడు, అట్లాంటి మాటను దేవుడు కోరుకుంటాడని నేను నమ్మను. ఆదివారం వాళ్ల గుడికి పోండి, మీ సాక్ష్యం అక్కడ చెప్పండి, అడిగినవాళ్లకు చెప్పండి. మన నాయనమ్మల్ని కూడా జావ కోసం మతంలో కలిశారని ఊరు ఎగతాళి చేసింది. ఆ మాట మనసులో ఎట్ల గుచ్చుకుంటుందో తెలిసిన బిడ్డలం మనం.

ఫొటోల సంగతి. చిరిగిన చొక్కాతో ఉన్న పిల్లను ఎత్తుకొని సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టకండి. ఆ పాపకు అమ్మ ఉంది. మీ చెల్లెల్ని అట్ల ఎవరన్నా పెడితే ఒప్పుకుంటారా? మా టీములో ఒక తమ్ముడు అట్ల పెట్టాడు, కానుకలు కూడా వచ్చాయి. హెడ్‌మాస్టరు చూసి మాట్లాడకుండా తల దించుకున్నాడు. తమ్ముడు ఆ రాత్రే తీసేశాడు. హెడ్‌మాస్టరు తల మాత్రం నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. పిల్లలతో ఒంటరిగా ఏ గదిలోనూ ఉండవద్దు, అక్కడి టీచరు కనుచూపులోనే ఉండండి. ఇది మీ మీద అనుమానంతో పెట్టే నియమం కాదు, ప్రతి పెద్దమనిషికీ ఒకటే నియమం.

ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని సర్కారు సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోండి. దారిలో ఇథియోపియాలాంటి దేశాల మీదుగా వస్తే, తిరిగి దిగేటప్పుడు మన విమానాశ్రయంలో ఆ టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు అడుగుతారు. మలేరియా మాత్రలు డాక్టర్నడిగి తీసుకోండి, దోమతెర తప్పనిసరి.

ఇప్పుడు నా అసలు విన్నపం. టీముకు ఎన్నికైనవాళ్లు జూన్ దాకా ఆగవద్దు. మన చుట్టూ సర్కారు బళ్లున్నాయి. హెచ్ఎం సారును అడిగి, అనుమతి తీసుకొని, వారానికి రెండు పూటలు రెండో తరగతి వెనకాల కూర్చోండి. పాఠం చెప్పడానికి కాదు, చూడ్డానికి. ఒక టీచరు ఒక్క పీరియడులో ఎన్నిసార్లు ఆగుతుందో, ఎక్కడ గొంతు తగ్గిస్తుందో, రాయని పిల్లవాడి దగ్గరికి ఎట్ల నడిచిపోతుందో రాసుకోండి. ఆ తర్వాత ఇద్దరు పిల్లలతో మొదలుపెట్టండి. ఆ తర్వాత ఐదుగురితో. చిచేవాలో ఒకటి నుంచి పది దాకా, పొద్దున్నే పలకరించే మాట, "జికోమో" అనే కృతజ్ఞత మాట వచ్చాకే విమానమెక్కండి. పొద్దున వాళ్లు "మ్వాద్జుకా బ్వాంజి" అంటారు, ఎట్లా నిద్ర లేచారు అని. జవాబు చెప్పి, తిరిగి వాళ్లను అడిగేదాకా ఏ పనీ మొదలుపెట్టరు. ఆ ఆగడం అలవాటు చేసుకోండి.

సంఘ పెద్దలకు కూడా ఒక మాట. టీములో ఏడాదికి ఐదు కొత్త ముఖాలు పంపడం కంటే, పోయినవాళ్లలో ఒకరిద్దర్ని మళ్లీ మళ్లీ అదే బడికి పంపడం మంచిదని నాకనిపిస్తోంది. ప్రతి ఏడు కొత్తవాళ్లు పోతే, ప్రతి ఏడు ఆ టీచరమ్మ మాలాంటి వాళ్లకు మొదటి నుంచి నేర్పుకోవాలి. ఆమెకు 112 మంది పిల్లలు చాలు. ఒక టికెట్టు తగ్గించి ఆ పైసలతో ఆ బడికి సుద్ద, పలకలు, గదికి రేకులు ఇవ్వగలమా అని కమిటీలో ఆలోచించండి. ఏం కావాలో వాళ్లనే అడగండి. మేము అడక్కుండా యాపిల్ చార్టులు పట్టుకుపోయాం.

ఈసారి టీములో నేను లేను. ఎందుకని చాలామంది అడిగారు. చిన్న తరగతులకు చెప్పాలంటే మన దగ్గర డీఎడ్ కావాలి. డీఈఈసెట్ రాశాను, సీటొచ్చింది. రెండేళ్లు ఇక్కడే చదువుకుంటాను. ఆఫీసు వదిలేసినందుకు మా నాన్న మొదట బాధపడ్డాడు. ఇప్పుడు సాయంత్రం మా వీధి పిల్లలకు నేను మూతల దండలు గుచ్చుతుంటే తీగలు కోసి ఇస్తున్నాడు.

మలావీ నుంచి తిరిగొచ్చే ముందు రోజు టీచరమ్మ నా నోటుబుక్కు తీసుకొని వెనకవైపు నాలుగు పేజీలు రాసిచ్చింది. రెండో తరగతి పిల్లలు ఎక్కడెక్కడ తప్పుతారో, ఏ తప్పుకు ఏ ఆట ఆడించాలో. నేను ఆమెకు మన గుణింతం రాసిచ్చాను, చూసి నవ్వి, "మనది ఒకటే ఇల్లు" అంది. ఆమె రాసిన పేజీలకు జిరాక్స్ తీయించాను, టీములో ఐదుగురికీ ఐదు కాపీలున్నాయి. నోటుబుక్కు మాత్రం టీము లీడరు చెల్లెకు ఇస్తున్నాను. రా చెల్లె, ఇటు రా. దీంట్లో ఇంకా ముప్పై పేజీలు ఖాళీగా ఉన్నాయి. మీరు రాయొద్దు. ఆమెతో రాయించుకొని రండి. ఆమె పేరు మొదటి పేజీలో ఉంది, అది చదివి, ఎట్ల పలకాలో ఆమెనే అడిగి, ఆ పేరుతోనే పిలవండి.

వందనాలు.